పాత మిలటరీ జీపుకి ముందద్దం బిగించడం: నా అనుభవం

నిన్న సాయంత్రం ముందద్దం మూసి కింది క్లాంపులు రెండూ బిగించి పడుకున్నాను. పొద్దున్నే వెళ్ళి చూస్తే గాజులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ సంతోషంలో రాస్తున్నాను. మధ్యలో ఎవరి మీదైనా కాస్త ఘాటు పడితే ఏమీ అనుకోకండి, ఇన్నాళ్ళూ పడింది నేను.

బండి విల్లిస్ ఎంబీ, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మనమంతా జీపు అంటాం గానీ, అమెరికా సైన్యం లెక్కల్లో అది పావు టన్ను ట్రక్కు. 1941 నుంచి 1945 దాకా విల్లిస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. అన్ని చేసినా ఈరోజు సరైన విడిభాగం దొరకాలంటే చుక్కలు కనిపిస్తాయి. దొరికేవన్నీ దాదాపు కొత్తగా చేసిన నకళ్ళే.

ఈ బండి ముందద్దం గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. బయటి ఫ్రేమ్ మొత్తం బానెట్ మీదకి పడుకుంటుంది. దాని లోపల ఇంకో ఫ్రేమ్ పైనున్న కీలుకి వేలాడుతుంటుంది. గాలి కావాలంటే కింది క్లాంపులు విప్పి దాన్ని బయటకి తోయొచ్చు. మధ్య పట్టీకి అటొకటి ఇటొకటి బల్లపరుపు గాజులు ఈ లోపలి ఫ్రేమ్‌లోనే ఉంటాయి. యుద్ధంలో అద్దం మీద ఎండ పడి మెరిస్తే శత్రువుకి జాడ తెలిసిపోతుందని దాన్ని పడుకోబెట్టి కాన్వాస్ గుడ్డ కప్పేవారు. అద్దం పడుకోబెట్టిన బండ్లలో ఉన్నవాళ్ళ మెడలు తెగేలా జర్మన్లు రోడ్డుకి అడ్డంగా తీగలు కట్టేవారు. అందుకే చాలా జీపులకి ముందు బంపర్ దగ్గర ఒక ఇనుప కమ్మీ నిలబెట్టి ఉంటుంది, ఆ తీగని తెంపడానికి.

పాతది విప్పడం, తుప్పు గీకడం, ప్రైమర్, ఆలివ్ రంగు, వీటిలో చెప్పుకోడానికేమీ లేదు. ఓపిక ఉంటే అవుతుంది. ఫ్రేమ్ గాడి లోపలికి కూడా రంగు వెళ్ళాలి, గాజు ఎక్కాక అక్కడికి బ్రష్ పోదు. నేను గాడి మొత్తం చేత్తోనే గీకాను, ఇంత శుభ్రంగా ఎవరూ చేయరని రంగు వేసినాయనే అన్నాడు.

గాజు దగ్గర కాస్త వాదన జరిగింది. టఫెన్డ్ వేయించుకోండి, గట్టిది అన్నాడు గాజు కోసే ఆయన. నేను ఒప్పుకోలేదు. టఫెన్డ్ గాజు గట్టిదే, కానీ పగిలిందంటే ఒక్కసారిగా రవ్వలైపోతుంది, ముందు రోడ్డు కనపడదు. పైగా ఒకసారి టఫెన్ చేశాక అర మిల్లీమీటరు ఎక్కువున్నా కోయలేం. లామినేటెడ్ అయితే రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా అతుక్కునే ఉంటుంది. అట్టముక్కతో నమూనా కోసి, చుట్టూ రబ్బరుకి 3 మిల్లీమీటర్ల చోటు వదిలి, అంచులు అరగదీయించి తెచ్చుకున్నాను. రబ్బరు ఎక్కించడానికి సబ్బునీళ్ళు చాలు. గ్రీజు, నూనె వద్దు. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ అసలు దగ్గరికి రానివ్వకండి. అది ఇనుముని తుప్పు పట్టిస్తుంది, లామినేషన్ అంచుని పాలలా తెల్లబరుస్తుంది.

ఇక అసలు కథ.

నా బండి బయటి ఫ్రేమ్ కింది పట్టీ తుప్పు తిని జల్లెడ అయిపోయింది. కొత్త ఫ్రేమ్ తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, రంధ్రాలన్నీ సరిగ్గా కలిశాయి. లోపలి ఫ్రేమ్ పాతదే, దానికి ఏ లోపమూ లేదు. బల్ల మీద పెట్టి గాజులు ఎక్కించాను, చక్కగా కూర్చున్నాయి. దాన్ని కీలుకి తగిలించి మూశాను. కుడి వైపు మూల అతుక్కుంది, ఎడమ వైపు మూల కాస్త ఎడంగా నిలబడింది. కొత్త రబ్బరు కదా, బిరుసుగా ఉందనుకుని క్లాంపు నెమ్మదిగా తిప్పాను. టిక్ అని చిన్న చప్పుడు. మూల నుంచి మధ్య పట్టీ దాకా వెంట్రుకంత గీత.

ఫ్రేమ్ అమ్మినాయనకి ఫోన్ చేశాను. విషయం పూర్తిగా వినకుండానే "ఎక్కువ బిగించేశారండీ" అన్నాడు. కాదండీ, మూల అసలు ఆనడం లేదు అంటే, మూలల మధ్య ఐమూల కొలతలు తీసి చెప్పమన్నాడు. తీశాను. రెండూ ఒక్కటే. "చూశారా, మా ఫ్రేమ్ పర్ఫెక్ట్. ఇంతకుముందు మీరెప్పుడైనా స్క్రూడ్రైవర్ పట్టుకున్నారా?" అని నవ్వాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. షెడ్డులో నాతో పాటు ఉన్న కుర్రాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకి పని నేర్పుతున్నది నేను! ఆ పూట అన్నం సహించలేదు.

గాజు ఆయన దగ్గరికి వెళ్తే ఫ్రేమ్ స్క్రూలది తప్పన్నాడు. ఫ్రేమ్ ఆయన గాజుది తప్పంటాడు. ఇద్దరూ కలిసి చివరికి నాదే అంటారు. మళ్ళీ గాజు కోయించాను. రబ్బరుని ఎండలో పెట్టి మెత్తబరిచాను. ఈసారి క్లాంపుని వేళ్ళతో తప్ప తిప్పలేదు. మూల ఆనింది, గాజు నిలిచింది. హమ్మయ్య అనుకుని తాళం వేసి వెళ్ళాను. పొద్దున వచ్చి చూస్తే గీత. ఎవరూ ముట్టుకోలేదు, రాయి పడలేదు, బండి అంగుళం కదల్లేదు. దానంతట అదే పగిలింది. నిజం చెప్పాలంటే అప్పుడు కొంచెం భయమేసింది. దిష్టి తీయమని ఇంట్లో సలహా కూడా వచ్చింది.

లారీ బాడీలు కట్టే పనిలో తలపండిన పెద్దాయన ఒకాయన వేరే పని మీద షెడ్డుకి వచ్చాడు. పగిలిన గాజు వంక చూడనే లేదు. "బాబూ, దారం ఉందా?" అన్నాడు. గాజున్న ఫ్రేమ్ దింపించి, ఖాళీ బయటి ఫ్రేమ్‌కి మూల నుంచి మూలకి రెండు దారాలు బిగువుగా కట్టాడు. ఫ్రేమ్ బల్లపరుపుగా ఉంటే దారాలు రెండూ కలిసేచోట ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. పైది కిందిదాన్ని నొక్కుతున్నా మెలిక ఉన్నట్టే, అప్పుడు పైదాన్ని కిందకి మార్చి కట్టి చూడాలట. నా కొత్త ఫ్రేమ్‌కి దారాల మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ. మధ్యలో 3 ఉందంటే, మూడు మూలలు ఆనించినప్పుడు నాలుగో మూల 6 మిల్లీమీటర్లు పైకి లేచినట్టు.

అంటే ఫ్రేమ్ మెలి తిరిగి ఉంది. ఐమూల కొలతలు ఫ్రేమ్ పక్కకి ఒరిగిందో లేదో చెబుతాయి గానీ మెలికని పట్టివ్వవు. తిన్నగా ఉన్న లోపలి ఫ్రేమ్‌ని మెలిక ఉన్న బయటి ఫ్రేమ్‌కి క్లాంపుతో లాగితే, లోపలిది దాని ప్రకారం మెలి తిరుగుతుంది. ఇనుము వంగుతుంది, గాజు వంగదు. కాసేపు ఓర్చుకుంటుంది. అంచులో కంటికి కనపడని నొక్కు ఏదో ఉంటుంది, రాత్రి చల్లబడేసరికి అక్కడి నుంచి చీలిక పాకుతుంది. ఇందులో దిష్టీ లేదు, నా చేతి తప్పూ లేదు.

కోపం ఎక్కడొచ్చిందంటే, ఇలాంటి ఫ్రేమ్‌ని జిగ్‌లో, అంటే ముక్కలు కదలకుండా పట్టుకునే చట్రంలో బిగించి వెల్డింగ్ చేస్తే మెలిక రాదు. అమ్మేముందు ఇద్దరు మనుషులు దారం పట్టుకుని చూస్తే నిమిషం పని. ఆ నిమిషం మిగుల్చుకుని, కొన్నవాడిని స్క్రూడ్రైవర్ పట్టుకున్నావా అని అడగడం వీళ్ళ వ్యాపారం.

పెద్దాయన కొత్త ఫ్రేమ్‌ని తిన్నగా చేయడానికి ఒప్పుకోలేదు, వంచినా మళ్ళీ తిరుగుతుందన్నాడు. పాత ఫ్రేమ్‌కి దారం కట్టి చూస్తే, ఎనభై ఏళ్ళ నాటి ఇనుము, దారాలు తాకీ తాకనట్టే ఉన్నాయి! తుప్పు తిన్న కింది పట్టీ కోసేసి, కొత్త ఫ్రేమ్ నుంచి కింది పట్టీ తీసి దీనికి అతికించాం. పట్టీ వరకు తిన్నగానే ఉంది, మెలికంతా మూలల వెల్డింగ్‌లో వచ్చింది. ఎడమన ఒక టాకా (చిన్న వెల్డింగ్ చుక్క), కుడిన ఒక టాకా, చల్లారే దాకా ఆగడం, మళ్ళీ దారం చూడడం. ఒకేచోట పొడుగ్గా వెల్డింగ్ లాగితే వేడికి మళ్ళీ మెలిక వస్తుంది. తర్వాత ఫ్రేమ్‌ని బండికి తగిలించి, పక్క బోల్టులు వదులుగా ఉంచి, అద్దం నిలబెట్టి, అప్పుడు బోల్టులు బిగించాం. బండి మీద ఉండగా ఇంకోసారి దారం కట్టాం.

చివర్లో చుట్టూ కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశాను. ప్రతి చోటా ఒకే బిగువు. క్లాంపులు వేళ్ళతోనే పడ్డాయి.

ఇదంతా అయ్యాక బండి చూడ్డానికొచ్చిన ఒకాయన, ఫ్రేమ్ బోల్టుల తలల మీద 'ఎఫ్' గుర్తు లేదేమిటని అడిగాడు. ఆ గుర్తు ఫోర్డ్ చేసిన జీపులకుంటుంది. ఇది విల్లిస్ అని ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపుతూనే వెళ్ళాడు. ఇలాంటివాళ్ళ సలహాలు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేయండి.

ఫ్రేమ్ అమ్మినాయనకి దారాల ఫోటో, పక్కన స్కేలు పెట్టి పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఈ పొద్దున గొట్టంతో నీళ్ళు కొడితే అద్దం చుట్టూ చుక్క రాలేదు గానీ, ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య కింద వేసే పొడుగు రబ్బరు ఎడమ చివర కొంచెం కారుతోంది. అది కూడా ఆయన దగ్గర కొన్నదే. వేరే చోట ఆర్డర్ పెట్టాను.