ది ప్రిజనర్ చూశారా?

మొత్తం 17 ఎపిసోడ్లూ అయిపోయాయి, నా ధ్యాస మాత్రం ఇంకా దాని మీదే ఉంది. 1967లో బ్రిటన్ టీవీలో మొదలైన సీరియల్ ఇది. ఉద్యోగానికి రాజీనామా చేసిన ఒక గూఢచారిని ఎత్తుకెళ్లి, ఎవరికీ పేర్లుండని ఊళ్లో పడేస్తారు. అక్కడ అతను నంబర్ సిక్స్. ఎందుకు మానేశావో చెప్పమని నానా రకాలుగా వేధిస్తారు, చెప్పడు.

ఆ ఊరు చూస్తే జైలని ఎవరూ అనుకోరు. వేల్స్‌లోని పోర్ట్‌మెరియన్‌లో తీశారు, రంగురంగుల ఇళ్లు, బ్యాండ్ మేళం, చారల గొడుగులు, నవ్వుతూ పలకరించే జనం. పారిపోబోతే మాత్రం ఓ పెద్ద తెల్ల బెలూన్ వెంటపడి మొహాన్ని కమ్మేస్తుంది. గ్రాఫిక్స్ లేని రోజుల్లో అంత భయపెట్టారంటే నిజంగా గొప్పే.

అన్నిటికంటే నన్ను పట్టేసింది ఎన్నికల ఎపిసోడ్. నంబర్ సిక్స్ పోటీకి దిగుతాడు, విలేకరి ఏం అడిగినా 'చెప్పేదేం లేదు' అంటాడు, ఆ విలేకరేమో తనకు తోచిన జవాబులు చకచకా రాసేసుకుంటాడు, కాసేపట్లో పేపరు కూడా వచ్చేస్తుంది! చివరికి గెలిచి, మీకు స్వేచ్ఛ ఇచ్చాను వెళ్లిపొండని మైకులో గొంతు చించుకుంటే ఒక్కరూ కదలరు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది.

హీరో ప్యాట్రిక్ మెక్‌గూహన్ ఆ ఎపిసోడ్ తనే రాసి, తనే డైరెక్ట్ చేశాడు. చివరి ఎపిసోడ్ కూడా ఆయనదే. 1968లో అది చూసి చాలామంది మండిపడ్డారట, నాకైతే అంతకంటే సరైన ముగింపు ఉండదనిపించింది. ఎందుకో చెప్పను, చూడండి. చూసినవాళ్లుంటే కామెంట్లలోకి రండి, మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.