వైరల్ లోడ్ బాగుంది సరే, మరి గుండె సంగతి?

పన్నెండేళ్ల నుంచి హెచ్‌ఐవికి టాబ్లెట్లు వేసుకుంటున్నా. రిపోర్ట్ చేతికి రాగానే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), సీడీ4 (రోగాల్ని అడ్డుకునే కణాలు ఎన్నున్నాయో) ఈ రెండు లైన్లు చూసుకుని కాగితం మడిచి లోపల పెట్టేసేవాణ్ణి, కింద ఇంకా చాలా ఉండేవి కానీ చదివింది లేదు. ఈలోగా నడుముకి బెల్టు చాలక మేకుతో కొత్త బెజ్జం పొడుచుకోవడం రెండోసారి అయింది, దాన్ని కూడా వయసు 47 వచ్చింది కదా అని వదిలేశా.

పోయినేడాది చెకప్‌లో నాకు హెచ్‌ఐవి మందులిచ్చే డాక్టర్ మేడమ్ నేను చదవని లైన్ల మీద వేలు పెట్టి చూపించారు. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148, రక్తంలో ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 290, బీపీ 146/92. సిగరెట్ ఎన్ని, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అని అడిగి, వైరస్ అణిగి ఉన్నా ఒంట్లో లోలోపల వాపు పూర్తిగా పోదండీ, అది రక్తనాళాల్ని పాడు చేస్తూ ఉంటుంది, అందుకే మీలాంటివాళ్లకి గుండెపోటు రిస్క్ మిగతావాళ్లకన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది అన్నారు. నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. ఒక్క రోజు కూడా మానకుండా మందులేసుకున్నందుకు ఇదా? నా టాబ్లెట్లలో రిటోనావిర్ ఉంది, దానివల్ల కూడా కొవ్వులు పెరుగుతాయట, అయితే కొన్నాళ్లు ఆపేస్తే పోలా అన్నా. అది ఎప్పుడో చేసి చూశారు, స్మార్ట్ అని పెద్ద స్టడీ, 2006లో ఫలితాలొచ్చాయి, మధ్యలో మందులాపినవాళ్లకే గుండె జబ్బులూ చావులూ ఎక్కువయ్యాయి అని చెప్పేసరికి నోరు మూసుకున్నా.

అక్కణ్ణుంచి గుండె డాక్టర్ దగ్గరికి పంపారు. నా అసలు తప్పు అక్కడ. ఆయన ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే, పక్కన నర్సు నిలబడి ఉంది, బయట లైను, గబుక్కున "ఏం లేవండి" అనేశా. ఆయన ఈసీజీ చూసి కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ రాశారు, కొనుక్కుని ఇంటికొచ్చి రాత్రి నా డబ్బాలో మిగతావాటి పక్కన పెడుతుంటే ఏదో అనుమానమేసి మేడమ్‌కి ఫొటో పెట్టా. రెండు నిమిషాల్లో ఫోన్. "అది వేసుకోకండి" అన్నదే మొదటి మాట. రిటోనావిర్‌ని ఇచ్చేదే పక్క మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండేలా చెయ్యడానికి, ఆ పక్క మందు సిమ్వాస్టాటిన్ అయితే లివర్ దాన్ని బయటికి పంపలేదు, అలా పేరుకుపోతే కండరాలు కరిగిపోయి కిడ్నీల దాకా వస్తుందట. ఆ స్ట్రిప్ విప్పకుండానే పక్కన పడేశా.

మళ్లీ గుండె డాక్టర్ దగ్గరికెళ్లి ఈసారి మొత్తం చెప్పా, గొంతు వణికింది కానీ చెప్పా. ఆయన "ముందే చెప్పుంటే సరిపోయేది కదండీ" అని ఇంకో చీటీ లాక్కున్నారు, అంతే. నేను నెల రోజులు ఊహించుకున్న సీన్ ఏదీ జరగలేదు. కొలెస్ట్రాల్‌కే ఇంకో మందు, పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు రాశారు. 2023లో వచ్చిన రిప్రీవ్ అనే ట్రయల్‌లో వాడింది ఇదే, 12 దేశాల్లో హెచ్‌ఐవి ఉన్న 7,769 మంది, 40 నుంచి 75 ఏళ్లవాళ్లు, పెద్ద రిస్క్ లేదనుకున్నవాళ్లే, వాళ్లలో కూడా గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 35 శాతం తగ్గాయని మేడమ్ చెప్పారు. బీపీకి ఒక టాబ్లెట్ కలిసింది.

షుగర్ది ఇంకో కథ. మూడు నెలల సగటు షుగర్ చూపించే టెస్ట్ హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చింది, హమ్మయ్య అనుకున్నా. మేడమ్ ఒప్పుకోలేదు, హెచ్‌ఐవి మందులు వాడేవాళ్లలో ఆ టెస్ట్ ఒక్కోసారి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట, పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీయించారు. 112, 168. అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆ ఒక్క టెస్ట్ నమ్ముకుని ఉంటే నాకు తెలిసేదే కాదు.

ఇప్పుడు ఫోన్ కవర్ వెనక ఒక చీటీ ఉంటుంది, వేసుకునే ప్రతి మందూ రాసి ఉంటుంది, ఎవరు అడిగినా నోటితో చెప్పే పని లేకుండా అదే తీసి ఇస్తున్నా. మొన్న కడుపులో మంటకని ఇంకో డాక్టర్ ఒమెప్రజోల్ రాయబోయి చీటీ చూసి ఆగారు, అది వేసుకుంటే నా హెచ్‌ఐవి మందుల్లో ఒకటైన అటజనావిర్ ఒంటికి సరిగా పట్టదట.

ఎల్‌డీఎల్ 94కి దిగింది, రోజూ సాయంత్రం 40 నిమిషాలు నడుస్తున్నా, సిగరెట్ రెండుసార్లు మానేసి రెండుసార్లూ మళ్లీ మొదలెట్టా, మూడోసారి మానేసి ఇవాళ్టికి 19 రోజులు. బరువు మాత్రం రెండు కిలోలే తగ్గింది, బెల్టు ఇంకా ఆ మేకు బెజ్జంలోనే ఉంది.