పచ్చకన్ను రేడియో, చోక్ ఉన్న కారు

మా నాన్నగారి పాత కారులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది డాష్‌బోర్డు కింద ఉండే చోక్ నాబ్. నల్లటి గుండ్రటి చిన్న పిడి, దాని వెనక తీగ. చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ అవ్వాలంటే అది లాగాల్సిందే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. నాబ్ లాగితే, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బ్యురేటర్ మూతి దగ్గర ఒక రేకు అడ్డం తిరుగుతుంది. లోపలికి వెళ్లే గాలి తగ్గి, మిశ్రమంలో పెట్రోలు వాటా పెరుగుతుంది. ఈ సంగతంతా పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది ఆ చప్పుడే. రెండు మూడు సార్లు తడబడి, ఒక్కసారిగా అందుకుని, పెద్ద రొదతో తిరిగేది.

అక్కడి నుంచి పనంతా నాన్నగారి చెవిది. ఇంజను నిలకడకి వస్తున్న కొద్దీ నాబ్‌ని కాస్త కాస్త లోపలికి తోసేవారు. తొందరపడితే బండి ఆగిపోతుంది. తోయకుండా వదిలేస్తే పొగ, పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు. మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపి మరీ వినేవారాయన. ఇప్పటి బళ్లలో ఈ పని ఫ్యూయల్ ఇంజెక్షనూ సెన్సర్లూ చేస్తున్నాయి, చాలా బాగా చేస్తున్నాయి. కానీ యంత్రం ఏమంటోందో విని, చేత్తో దానికి జవాబు చెప్పే ఆ తీరు నాకు ప్రాణం.

మా వాల్వు రేడియో కూడా అంతే. స్విచ్ తిప్పగానే డయల్ వెలిగేది గానీ మాట వినపడేది కాదు. వాల్వులంటే లోపల ఉండే గాజు గొట్టాలు. వాటిల్లో ఫిలమెంట్ అనే సన్నటి తీగ ఎర్రబడాలి, ఎలక్ట్రాన్లని వదిలే క్యాథోడ్ వేడెక్కాలి, అప్పుడు గానీ లోపల ఎలక్ట్రాన్లు కదలవు. ఈలోగా నేను పచ్చకన్ను ముందు కూర్చునేదాన్ని. స్టేషన్ ఎంత బాగా కుదిరిందో చూపించే చిన్న ట్యూబు అది. ఆర్‌సీఏ కంపెనీ 1935లో మొదటిసారి తెచ్చింది. ముల్లు స్టేషన్‌కి దగ్గరవుతున్న కొద్దీ పచ్చటి వెలుగులోని నల్ల చీలిక సన్నబడేది. అది మరీ సన్నగా అయ్యేదాకా నాబ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పడంలో ఎంత సంతోషమో!

ఇక ప్రకటనలు. కార్యక్రమం నడిపే మనిషే అదే గొంతుతో, అదే ఊపులో సబ్బు గురించో పళ్లపొడి గురించో చెప్పేసి, మళ్లీ పాటలోకి వెళ్లిపోయేవారు. అందుకే ఆ సబ్బు పేరు మాకు తెలిసినవాళ్లు చెప్పిన మాటలా ఉండేది. డబ్బు తీసుకుని వేసిన తొలి రేడియో ప్రకటనగా చెప్పేది 1922 ఆగస్టులో న్యూయార్క్‌లో డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్ ప్రసారం చేసిందట. అపార్ట్‌మెంట్ల గురించి నిమిషాల తరబడి సాగిన ప్రసంగం! ఇప్పుడైతే ఎవరు వింటారు? మేమైతే వినేవాళ్లమే. గొంతు బాగుండాలంతే.

ఇంకో వస్తువు మా ఇంట్లో లేదు గానీ దాని గురించి చదివిన దగ్గర నుంచి మనసు పడ్డాను. 1956లో జెనిత్ కంపెనీ తెచ్చిన టీవీ రిమోట్. రాబర్ట్ ఆడ్లర్ రూపొందించారు. దాంట్లో బ్యాటరీయే లేదు. బటన్ నొక్కితే లోపలి చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. ఆ కడ్డీ చేసే అతిధ్వని మన చెవికి అందదు గానీ టీవీకి అందేది. ఒక్కో పనికి ఒక్కో కడ్డీ. ఇంత తేటైన ఆలోచన చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మీ అటక మీద వాల్వు రేడియో ఏదైనా ఉంటే, దించిన వెంటనే ప్లగ్గులో పెట్టకండి. ఏళ్ల తరబడి వాడకపోతే లోపల విద్యుత్తును నిలవ చేసే కెపాసిటర్లు పాడై ఉండొచ్చు, కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ముందు తెలిసినవాళ్లకి చూపించి, అవసరమైనవి మార్పించండి. పచ్చకన్ను వెలుగు తగ్గినా పాట వస్తుంది, దాని కోసం రేడియోని పారేయకండి.