దోస్తుల ఓట్లు పొద్దుగాలకు ఉండవు

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడ్డదంటే హన్మకొండ, కాజీపేట హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్ల ఒక బేరం మొదలైతది: "స్టాక్ ఓవర్‌ఫ్లోల నా ఆన్సర్‌కు ఓటు కొట్టు, నీదానికి నేను కొడతా." స్టాక్ ఓవర్‌ఫ్లో అంటే ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబుల సైట్; అక్కడ ఓట్లతోని వచ్చే పాయింట్లనే రెప్యుటేషన్ అంటరు. రెజ్యూమెల ఆ నంబర్ పెద్దగ కనబడాలని ఆశ. ఆ సైట్ ఓట్ల లెక్క తెలిస్తే ఈ బేరానికి ఎవ్వరూ దిగరు.

మొదటి అడ్డు ఓటు దగ్గర్నే ఉంటది. కొత్త అకౌంట్‌కు ఉండేది 1 పాయింట్. అప్‌వోట్ (బాగుందనే ఓటు) వేయాలంటే 15 కావాలె, డౌన్‌వోట్‌కు (బాగలేదనే ఓటుకు) 125. 15 లేనోళ్లు బాణం గుర్తు నొక్కితే సైట్ దాన్ని రాసిపెట్టుకుంటది గానీ స్కోరు కదలదు. దోస్తులందరితోని ఒక్క రాత్రిల అకౌంట్లు తెరిపించినా వచ్చేది సున్నా.

15 దాటినోళ్లు వేసినా నిలవదు. సైట్‌ల రోజూ ఒక స్క్రిప్ట్ నడుస్తది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 3 గంటలకు, అంటే మనకు పొద్దున 8:30. ఒకరు ఒక్కళ్ల పోస్టులకే వరుసబెట్టి ఓట్లేసిన్రా అని చూస్తది. దొరికితే ఆ ఓట్లన్నీ తీసేస్తది, వాటితోని వచ్చిన పాయింట్లూ పోతయి. ఎన్ని ఓట్లకు పట్టుకుంటదో సైట్ కావాల్నే బయటపెట్టదు. ఇది ఒక్కసారి జరిగితే అంతటితోని అయిపోతది. మళ్లమళ్ల జరిగితే మోడరేటర్ల (సైట్‌ను కాపలా కాసేటోళ్ల) కంట పడతది, అకౌంట్ సస్పెండ్ అయితది; సస్పెన్షన్ నడిచినన్ని రోజులు ప్రొఫైల్ మీద రెప్యుటేషన్ 1 అనే కనబడతది. ఇంటర్వ్యూ రోజే అట్ల కనబడితే ఏం చెప్పుకుంటరు?

అసలు లెక్క ఇది. ఆన్సర్‌కు ఒక అప్‌వోట్ పడితే 10. ప్రశ్నకూ 10, 2019 నవంబర్ దాకా 5 ఉండె, మార్చినప్పుడు పాత ప్రశ్నలకు కూడా లెక్క తిరిగి కట్టిన్రు. అడిగినోళ్లు ఇదే పనికొచ్చిందని మీ ఆన్సర్‌కు టిక్ పెడితే మీకు 15, వాళ్లకు 2. డౌన్‌వోట్ పడితే 2 పోతయి, ఎంత పోయినా 1 కంటే కిందికి దిగదు. ఇంకొకళ్ల పోస్టును దిద్ది పంపితే, అది ఆమోదం పొందినప్పుడు 2 వస్తయి, కానీ ఈ దారిల మొత్తం మీద 1,000 దాటవు. ఓట్లతోని రోజుకు 200 కంటే ఎక్కువ కలవవు. టిక్కులు, బౌంటీలు (జవాబు కోసం ఒకరు తన పాయింట్లలకెళ్లి పెట్టే బహుమతి) ఆ పరిమితికి బయట. ఆ రోజు కూడా యూటీసీ రోజే, మనకు తెల్లవారి 5:30కు మారుతది. సైట్ ఈ అంకెలను అప్పుడప్పుడు మారుస్తది కాబట్టి హెల్ప్ పేజీ ఒకసారి చూసుకోవడం మంచిది.

ఈ పాయింట్లు మార్కులు కావు, ఒక్కో హక్కుకు తాళంచెవి అసొంటివి. 50కి ఎక్కడైనా కామెంట్ పెట్టొచ్చు, 2,000కు ఎవ్వరినీ అడగకుండ పోస్టులు దిద్దొచ్చు, 3,000కు ప్రశ్న మూసేయడానికి (కొత్త జవాబులు రాకుండ ఆపడానికి) ఓటు వేయొచ్చు, 10,000కు డిలీట్ అయిన పోస్టులు కూడా కనబడతయి. కొత్తోళ్లు ఎక్కువగ దెబ్బతినేది ఆ 50 దగ్గర. కామెంట్ పెట్టే హక్కు లేక, "నాకూ ఇదే ప్రాబ్లం, దొరికిందా?" అని ఆన్సర్ డబ్బాల రాస్తరు. గంట తిరగకముందే దానికి డౌన్‌వోట్లు పడతయి, డిలీట్ అయితది.

ప్రశ్నలకే డౌన్‌వోట్లు తొందరగ ఎందుకు పడతయంటే, ఆన్సర్‌కు డౌన్‌వోట్ వేసినోళ్ల దగ్గర 1 పాయింట్ కోస్తరు, ప్రశ్నకు వేస్తే ఏమీ కోయరు. ఎవరు వేసిన్రో కనబడదు. కామెంట్ల నిలదీస్తే ఇంకో రెండు పడడం తప్ప ఫాయిద లేదు. వేసిన ఓటు 5 నిమిషాల తర్వాత గట్టిపడతది, పోస్టును ఎడిట్ చేస్తేనే మల్ల మార్చుకునే వీలుంటది. కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే, ప్రశ్నను దిద్దాలె.

ఎట్ల దిద్దాలె? విండోస్‌ల పైథాన్‌తోని తెలుగు పేర్లు ఫైల్‌ల రాస్తుంటే, ఈ అక్షరాలు రాయలేనని చార్‌మ్యాప్ అనే ఎర్రర్ వచ్చిందనుకోండి. "పైథాన్ పనిచేస్తలేదు, అర్జెంట్" అని టైటిల్ పెట్టి, ఫోన్‌తోని తీసిన స్క్రీన్ ఫొటో అతికిస్తే అది మూసుకపోవుడే. ఫొటోల కోడ్‌ను ఎవ్వరూ కాపీ చేసుకోలేరు, సెర్చ్‌కు కూడా దొరకదు. టైటిల్‌ల ఆపరేటింగ్ సిస్టం, చేసిన పని, ఎర్రర్ పేరు ఉండాలె. కింద మీ 300 లైన్ల ప్రాజెక్టు పెట్టకండి. ఫైల్ తెరిచి ఒక తెలుగు మాట రాసే మూడు లైన్లు చాలు, అవి నడిపితే అదే ఎర్రర్ రావాలె. ఎర్రర్ మెసేజ్ మొత్తం టెక్స్ట్‌గ పెట్టాలె, పైథాన్ వెర్షన్ రాయాలె. నిజానికి ఇంతవరకు కుదించేసరికే జవాబు చాలామందికి కనబడతది: ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగ దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పకపోతే విండోస్ తన పాత ఎన్‌కోడింగ్ వాడుతది, దాంట్ల తెలుగు అక్షరాలు లేవు. పైగా ఇది పాత ప్రశ్నే, డూప్లికేట్ అని మూస్తరు. మూస్తే పాయింట్లేం పోవు, జవాబున్న లింకు దొరుకుతది.

ప్రశ్న మాత్రం ఇంగ్లీషులనే రాయాలె. పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ వాళ్లకు వేరే సైట్లున్నయి, తెలుగుకు లేదు. వ్యాకరణం తప్పినా ఎవరో ఒకరు దిద్దుతరు, దానికి జంకొద్దు.

ఆన్సర్లతోని పైకి రావాలనుకునేటోళ్లు పైథాన్, జావాస్క్రిప్ట్ అసొంటి పెద్ద ట్యాగుల్ల (ప్రశ్నకు తగిలించే అంశం పేర్లల్ల) పరుగు పందెం పెట్టుకోవద్దు. అక్కడ తేలిక ప్రశ్నలన్నిటికీ ఎప్పుడో జవాబులొచ్చినయి. మీరు రోజూ వాడే చిన్న లైబ్రరీ ట్యాగ్ పట్టుకుని, జవాబు లేని ప్రశ్నలు వెతకండి. కోడ్ ఒక్కటే పడేయకుండ అది ఎందుకు పనిచేస్తదో రెండు వాక్యాలు రాస్తే, నెలల తర్వాత సెర్చ్‌ల వచ్చినోళ్లు కూడా ఓటేస్తరు. ఏఐతోని రాయించిన జవాబులు 2022 డిసెంబర్ నుంచి నిషేధం. మొత్తానికి ప్రశ్నలు కూడా అప్పటినుంచి బాగ తగ్గినయి, కాబట్టి పాయింట్లు వెనుకటంత జల్ది రావు.

జవాబు రాని ప్రశ్నకు బౌంటీ పెట్టొచ్చు. దానికి 75 పాయింట్లుండాలె, ప్రశ్న పెట్టి రెండు రోజులు దాటాలె, 50 నుంచి 500 దాకా పెట్టొచ్చు. పెట్టిన నిమిషమే మీ ఖాతాల నుంచి కోస్తరు, జవాబు రాకున్నా తిరిగి ఇయ్యరు. గడువు 7 రోజులు, దానిమీద ఇంకో 24 గంటలు. ఆలోపు మీరు ఎవ్వరికీ ఇయ్యకుంటే, బౌంటీ మొదలైనంక వచ్చిన జవాబుల్ల స్కోరు 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నదానికి సగం దానంతట అదే పోతది, మిగతా సగం ఎవ్వరికీ రాదు. అందుకని 50తోనే మొదలుపెట్టండి. గడువు అయిపోయే రోజు ఫోన్‌ల అలారం పెట్టుకోండి.