కడుపునొప్పి అంటే ముందు బాత్రూమ్ సంగతి అడగండి

స్కూల్ నుంచి రాగానే పిల్ల కడుపు పట్టుకుని కూర్చుంటే మన అనుమానమంతా తిండి మీదే. బాక్స్‌లో పెట్టింది పడలేదా, నిన్న బర్త్‌డే పార్టీలో పిజ్జా ఎక్కువైందా? గుంటూరు నుంచి మా అత్తయ్యగారు దిష్టి తీయమన్నారు, మా అమ్మ వాము నీళ్లు పట్టించమంది. ఇక్కడ అమెరికాలో, మినియాపొలిస్‌లో మా పిల్లల డాక్టర్ మాత్రం తిండి సంగతి ఎత్తకుండా నేరుగా మా అమ్మాయినే అడిగారు: "స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తావా?"

రెండో తరగతి పిల్ల. వెళ్లనని తలూపింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ నీళ్లుండవు. కింద నుంచి నా కాళ్లు అందరికీ కనిపిస్తాయి" అంది.

నీళ్లతో కడుక్కోవడం మనం ఊహ తెలియకముందే నేర్పుతాం. అలా పెరిగిన పిల్లకి స్కూల్లో కాగితం తప్ప ఇంకేమీ ఉండదు, తలుపు కింద జానెడు సందు. అందుకని పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా బిగబట్టుకోవడమే. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని బాటిల్ కూడా నిండుగానే తిరిగొచ్చేది. ఈ మాట మా స్నేహితుల ఇళ్లలో కదిపితే చాలామంది పిల్లలది ఇదే కథ. ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లూ చెప్పలేదు.

బిగబడితే లోపల ఏమవుతుందో డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పెద్దపేగు నీళ్లు లాగేస్తుంది. మలం అక్కడ ఎంతసేపు నిలిస్తే అంత గట్టిపడుతుంది. గట్టిపడితే వెళ్లేటప్పుడు నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ బిగబట్టడం. ఇలా నెలలు గడిస్తే పేగు చివరి భాగం సాగిపోయి, వెళ్లాలన్న సంగతే పిల్లకి సరిగ్గా తెలియదు. ఆకలి మందగిస్తుంది, చిరాకు పెరుగుతుంది, కొందరు మళ్లీ పక్క తడపడం మొదలుపెడతారు. బట్టలకి మరకలైతే దయచేసి తిట్టకండి. అది వాళ్ల చేతిలో లేదు.

"లెక్కల క్లాసప్పుడే కడుపునొప్పి వస్తోంది" అని టీచర్ రాస్తే అది నాటకం అనుకోవద్దు. పేగుల గోడల్లోనే సొంతంగా ఓ నాడుల అల్లిక ఉంది. సెరటోనిన్ అంటే నాడుల మధ్య సంకేతాలు మోసే రసాయనం. ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. అది నేరుగా మెదడుకి చేరదు గానీ, పేగులు కదలడానికి కావాలి. మెదడునీ కడుపునీ కలిపే వేగస్ నాడిలో కూడా కిందికి దిగే సంకేతాల కన్నా కడుపు నుంచి మెదడుకి ఎక్కేవే ఎక్కువ. టెన్షన్ కడుపుని పట్టేస్తుంది, పట్టేసిన కడుపు టెన్షన్ పెంచుతుంది.

తిండి సంగతికొస్తే, మా రాష్ట్రంలోనే యూనివర్సిటీ ఆఫ్ మినెసోటా వాళ్లు చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. థాయ్‌లాండ్‌లో ఉన్నవాళ్లు, అమెరికా వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టినవాళ్లు కలిపి 500 మందికి పైగా హ్మాంగ్, కరెన్ అనే ఆగ్నేయాసియా జాతుల మహిళల్ని పరిశీలించారు. దేశం మారిన కొన్ని నెలల్లోనే పేగుల్లోని సూక్ష్మజీవుల తీరు మారుతోంది. పప్పుధాన్యాలు, ఆకుకూరలు తినేవాళ్లలో ఎక్కువగా కనిపించే ప్రెవొటెల్లా అనే బాక్టీరియా తగ్గి, బాక్టీరాయిడిస్ అనే ఇంకో రకం పెరుగుతోంది. పీచుని అరిగించే ఎంజైములూ తగ్గుతున్నాయి. సూక్ష్మజీవుల్లో రకాలు తగ్గిపోవడం ఇక్కడ పుట్టిన తరంలో ఇంకా ఎక్కువ. అది తెలుగువాళ్ల మీద చేసిన పరిశోధన కాదు. అయినా చదువుతుంటే నాకు మా ఇంటి ఫ్రిజ్ కళ్ల ముందు మెదిలింది.

అంతమాత్రాన మన తిండి తింటే చాలనేది నేను ఒప్పుకోను. తెల్లన్నం, బంగాళదుంప వేపుడు, పెరుగు: ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లల భోజనం ఇదే. కప్పు తెల్లన్నంలో ఒక గ్రాము పీచు కూడా ఉండదు. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం ప్రతి వెయ్యి క్యాలరీలకు 14 గ్రాములు కావాలి. మా అమ్మాయి ఇష్టంగా తినే బరిటోలో ఉడికించిన బ్లాక్ బీన్స్ కప్పుకి 15 గ్రాముల దాకా పీచు ఇస్తాయి. ఆ రోజు బరిటో మన వేపుడన్నం కన్నా మేలు! గోంగూర పప్పు, అలసందల కూర, బీరకాయ తొక్కుపచ్చడి వండిన రోజు మన వంటకి తిరుగులేదు. పీచు మాత్రం ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా, నీళ్లతో పాటు పెంచాలి. లేకపోతే ఉబ్బరం.

పెరుగు మాత్రం నేను వదల్లేదు. జనవరి చలికి వంటింట్లో తోడుకోదు, రాత్రంతా ఓవెన్‌లో లైటు వేసి పెడితే పొద్దునకి గడ్డపెరుగు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధనలో, పది వారాల పాటు పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటి పులిసిన పదార్థాలు తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, వాపుని సూచించే ప్రొటీన్లు తగ్గాయి.

మాకు ఎక్కువ పనిచేసింది మాత్రం పొద్దున కాస్త ముందుగా లేవడం. టిఫిన్ తినగానే పేగులు సహజంగానే కదులుతాయి. ఆ సమయంలో కాళ్ల కింద చిన్న పీట వేసి, తొందరపెట్టకుండా పది నిమిషాలు కూర్చోబెట్టాం. డాక్టర్ ఇచ్చిన పొడి మందు నెలల పాటు వాడాం. నయమైనట్టుందని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుందని ముందే హెచ్చరించారు. స్కూల్ నర్స్‌తో మాట్లాడితే, గడియ ఉండి, లోపలే సింక్ ఉన్న తన గది బాత్రూమ్ వాడుకోమన్నారు. బ్యాగులో తడి వైప్స్ ప్యాకెట్ పెట్టి, ఫ్లష్ చేయకుండా చెత్తబుట్టలో వేయాలని నేర్పాం. సమస్య దీర్ఘకాలంగా ఉంటే డాక్టర్ ఉత్తరంతో పబ్లిక్ స్కూల్లో 504 ప్లాన్, అంటే ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకి స్కూల్ చేసే ప్రత్యేక ఏర్పాట్ల పత్రం, అడగొచ్చు. అందులో బాత్రూమ్ వెసులుబాటు రాయిస్తే, ఎప్పుడు బాత్రూమ్ అడిగినా టీచర్ పంపాల్సిందే.

ఊళ్లో పెద్దవాళ్లు ఆముదం పట్టించమంటారు. డాక్టర్‌ని అడగకుండా పిల్లలకి ఇవ్వకండి. మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి: వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే చూపించండి. అవేమీ లేకపోతే ఈ సాయంత్రం బస్సు దిగిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, స్కూల్లో బాత్రూమ్ ఎలా ఉంటుందో అడగండి.