పరిషత్తు పోటీల్లో డిమ్మర్ల ప్యాచింగ్: నా అనుభవం

నాటికల పోటీలకు లైటింగ్ చూడటం, ఒక్క నాటకానికి చూడటం ఒకటి కాదు. ఒకే రాత్రి మూడు సమాజాలు వస్తాయి. ఒక దర్శకుడికి వెన్నెల కావాలి, ఇంకొకరికి ఆసుపత్రి గది, మరొకరికి ఒక్క పాత్ర మీదే పడే వెలుగు. తెర పడి మళ్ళీ లేచేలోపు సెట్టు మార్చడానికే సమయం చాలదు, ఇక లైట్ల తీగలు మార్చే మాట ఎక్కడ? అందుకే పోటీలు మొదలయ్యే రోజు మధ్యాహ్నం చేసే ప్యాచింగే, అంటే ఏ లైటు కన్సోల్ (లైట్లను నడిపే బల్ల) మీద ఏ మీటకు పలకాలో కుదర్చడమే, నాకు అన్నిటికంటే ముఖ్యం.

ఈ ఏప్రిల్‌లో కోనసీమలోని ఒక ఊరి పరిషత్తు వారు నన్ను పిలిచారు. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు బహుమతుల ప్రదానం. బడి ఆవరణలో వేదిక, జనం వెనక మంచె మీద నా బల్ల. అద్దెకు వచ్చిన సామానులో 12 డిమ్మర్లు (లైటు వెలుగును పెంచి తగ్గించే పరికరాలు) చొప్పున ఉన్న ర్యాకులు రెండు, 1000 వాట్ల పార్ క్యాన్లు (డబ్బా లాంటి లైట్లు), ఎనిమిది ఎల్‌ఈడీ పార్‌లు, ఒక చిన్న లైటింగ్ కన్సోల్ ఉన్నాయి.

ముందు కరెంటు సంగతి. జనరేటర్ నుంచి మూడు ఫేజులు వస్తాయి. ముందు వరుస లైట్లన్నీ ఒకే ఫేజు మీద పడితే, అవి వెలిగినంతసేపూ భారమంతా దానిదే. అందుకని వాటిని మూడింటికీ పంచాను. కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ ఫేజు తీగకంటే సన్నగా ఉంటే నేను ఒప్పుకోను. డిమ్మర్లు కరెంటు తరంగాన్ని కోసి పంపుతాయి కాబట్టి, మూడు ఫేజులు సమానంగా ఉన్నా న్యూట్రల్‌లో ప్రవాహం పూర్తిగా రద్దు కాదు. ఆ తీగ బిగింపు వదులైతే ఇంకా ప్రమాదం: 230 వోల్టులు ఉండవలసిన చోట 400 దాకా ఎక్కి బల్బులు మాడిపోవచ్చు. అక్కడి ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క ఫేజునూ మీటరుతో కొలిచి, "చూసుకోండి మాస్టారూ" అని నాకు చూపించాకే మెయిన్ వేశాడు. అలాంటి మనిషి ఉంటే సగం దిగులు తీరుతుంది.

ఒక్కో డిమ్మర్ 10 ఆంపియర్లు మోస్తుంది. వెయ్యి వాట్ల లైటు నాలుగు ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది కనుక డిమ్మర్‌కు రెండే, మూడోది వద్దు. ఎల్‌ఈడీ పార్‌లను సామాను తెచ్చిన కుర్రాళ్ళు డిమ్మర్లలోనే గుచ్చేశారు. వాటికి కోసిన కరెంటు పనికిరాదు. వెలుగు తగ్గించే ఏర్పాటు వాటిలోనే ఉంటుంది. అన్నిటినీ తీసి నేరు లైనులో పెట్టించాను. హార్మోనియం మైకు తీగ డిమ్మర్ తీగల పక్కన నడవకుండా వేదికకు రెండో వైపుకు మళ్ళించాం, లేకపోతే పద్యం మధ్యలో గుయ్యిమనే మోత వినిపిస్తుంది.

నాకు ఈ పని నేర్పిన గురువుగారు ఉప్పునీళ్ళు పోసిన జాడీలో లోహపు పలకలను దింపుతూ, లేపుతూ వెలుగును పెంచి తగ్గించిన కాలం మనిషి. ఆ రోజుల్లో ఏ జాడీ ఏ లైటుదో చేతికే తెలియాలి. ఇప్పుడు ఆ బంధాన్ని కన్సోల్‌లో మనమే రాసుకుంటాం. ప్యాచింగ్ అంటే అదే. అమెరికాలో 1986లో రూపొందిన డీఎంఎక్స్512 అనే, కన్సోల్ నుంచి డిమ్మర్లకూ లైట్లకూ ఆదేశాలు పంపే పద్ధతిలో ఒక్క తీగ మీద 512 అడ్రసులు (వాటిని గుర్తించే సంఖ్యలు) వెళ్తాయి, ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు విలువ. మొదటి ర్యాకుకు 1, రెండోదానికి 13 అడ్రసు పెట్టాను. ఎల్‌ఈడీలు ఒక్కోటి ఏడేసి అడ్రసులు తీసుకునేవి కనుక 101, 108, 115 అంటూ 150 దాకా. వాటి వెనక ఒక్కో విలువ ఉన్న చిన్న స్విచ్చులు ఉంటాయి, వేసినవాటి మొత్తమే అడ్రసు. 64, 32, 4, 1 వేస్తే 101 అవుతుంది.

కన్సోల్‌ను కొత్తగా తెరిస్తే 1వ డిమ్మర్ 1వ ఛానల్‌కు (కన్సోల్ మీద లైటును నడిపే సంఖ్యకు), 2వది 2వదానికి అలాగే వరుసగా ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. నాకది నచ్చదు. తీగ ఎక్కడిదాకా అందితే ఆ డిమ్మర్‌లో గుచ్చుతాం, ఆ వరుసకూ నాటకానికీ సంబంధం ఉండదు. నేను వేదికను తొమ్మిది చోట్లుగా విడదీశాను: ముందు వరుసకు 1, 2, 3, మధ్య వరుసకు 11, 12, 13, వెనక వరుసకు 21, 22, 23. అన్నీ నటుడి కుడిచేతి వైపు నుంచే మొదలు. మొదటి చోటుకు కుడి నుంచి పడే లైటు 3వ డిమ్మర్‌లో, ఎడమ నుంచి పడేది 9లో ఉన్నాయి. రెండింటినీ 1వ ఛానల్‌కే కలిపాను. ఒక్క ఫేడర్ (జరిపే మీట) లేపితే ఆ చోట ముఖం రెండు వైపులా వెలుగుతుంది. సమాజం మారినప్పుడు ప్యాచ్ జోలికి వెళ్ళను. వారి దృశ్యాలను సబ్‌మాస్టర్లలో, అంటే ఒక దృశ్యం లైట్లన్నిటినీ కలిపి నడిపే మీటల్లో, దాచుకుంటాను, అంతే.

రెండో సాయంత్రం ఎల్‌ఈడీలు వాటంతట అవే మిణుకుమనడం మొదలుపెట్టాయి. ఒక లైటు నుంచి ఇంకోదానికి వెళ్ళే డీఎంఎక్స్ తీగల గొలుసును మధ్యలో విప్పి చూశాను. మొదటి నాలుగూ నిలకడగా వెలిగాయి. ఐదో దానికి వెళ్ళే తీగ మామూలు మైకు తీగ, పైగా చివరి లైటులో టెర్మినేటర్ (సంకేతం వెనక్కి తిరగకుండా ఆపే ప్లగ్గు) లేదు. కాలువ చివర తూము మూసేస్తే నీరు ఎదురుతన్నినట్టు, సంకేతం చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి అసలుదాన్ని చెడగొడుతుంది. సరైన తీగ వేసి, 120 ఓముల రెసిస్టర్‌ను ఒక ప్లగ్గులో సోల్డర్ చేసి చివర పెట్టాక మిణుకు ఆగింది. సామాను అద్దెకిచ్చేవారు ఆ ప్లగ్గును సంచిలో పెట్టి పంపడం కనీస బాధ్యత. అది లేకపోతే చూడటానికి వచ్చిన వందల మంది ముందు నటుడి శ్రమ పాడవుతుంది.

ఆ రాత్రి ఆఖరి నాటిక దర్శకుడు పెద్దాయన, రిహార్సల్‌కు సమయం దొరకలేదు. నా పక్కన కూర్చుని "బాబూ, అమ్మాయి తులసికోట దగ్గరకు వచ్చినప్పుడు అక్కడ పెంచి, వసారాలో తగ్గించండి" అన్నారు. తులసికోట 3, వసారా 21. కాగితం వెతకవలసిన పని లేకపోయింది. నాటిక అంతా అలాగే నడిచింది.

ప్యాచ్ పట్టికను ఒకటి ర్యాకు మూత లోపల అంటించాను, ఒకటి కార్యదర్శిగారికి ఇచ్చాను. వచ్చే ఏడాదికి రెండు అడిగాను: ఎల్‌ఈడీలకు విడిగా ఒక లైను, ప్యాచింగ్‌కు పోటీలకు ముందురోజు మొత్తం. లైనుకు వెంటనే సరేనన్నారు. ముందురోజు అద్దె సంగతి కమిటీలో మాట్లాడాలన్నారు.