అప్పు దేశానిది, తీర్చింది వర్తకులు

యుద్ధాల్లో ఓడ సరుకు పోగొట్టుకుని నష్టపరిహారం కోసం తిరిగినవాళ్ళ కథలు చాలానే ఉన్నాయి గానీ నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అమెరికా వర్తకుల ఫ్రెంచ్ క్లెయిమ్స్, అంటే ఫ్రాన్స్ మీద వేసిన నష్టపరిహారం దావాల కథ, ఎందుకంటే సరుకు పట్టుకుపోయింది ఫ్రాన్స్ వాళ్ళే అయినా చివరికి ముంచింది మాత్రం సొంత ప్రభుత్వమే.

1793లో బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ యుద్ధం మొదలైంది, అమెరికా మేం ఎటువైపూ కాదు అని ప్రకటించింది. అప్పట్లో సేలం, బోస్టన్, బాల్టిమోర్ రేవుల నుంచి ఓడలు ఉప్పు చేపలూ గోధుమ పిండీ కలపా వేసుకుని వెస్టిండీస్ వెళ్ళి అక్కణ్ణుంచి పంచదార, కాఫీ తెచ్చేవి. మొదట ఈ ఓడల్ని బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ పట్టుకున్నాయి. బ్రిటన్‌తో 1794లో జే ట్రీటీ అనే ఒప్పందం కుదిరి ఆ వైపు నష్టపోయినవాళ్ళకి తర్వాత కోటి డాలర్ల పైనే ముట్టింది. ఆ ట్రీటీ చూసి ఫ్రాన్స్‌కి మండింది. 1797లో సిబ్బంది జాబితా మేం చెప్పిన పద్ధతిలో లేకపోతే ఓడ మాదే అన్నారు, 1798లో ఇంకో అడుగు ముందుకేసి ఓడలో ఇంగ్లీషు వాళ్ళ సరుకు ఏదున్నా ఓడతో సహా మాదే అన్నారు! 1797లోనే విదేశాంగ మంత్రి పికరింగ్ 300కి పైగా ఓడలు పట్టుకున్నారని కాంగ్రెస్‌కి రిపోర్ట్ ఇచ్చాడు.

ఇక్కడిదాకా ఇది మామూలు యుద్ధం గొడవే అనుకోవచ్చు. అసలు సంగతి 1800లో జరిగింది. స్వాతంత్ర్య పోరాటం టైంలో, అంటే 1778లో, అమెరికా ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకుంది, అందులో వెస్టిండీస్‌లో ఉన్న ఫ్రెంచ్ దీవులని కాపాడటానికి సాయం చేస్తామని మాటిచ్చింది, యుద్ధం వచ్చాక ఆ మాట నిలబెట్టుకోలేదు. అందుకని సంధి మాటల్లో అమెరికా మా వర్తకుల డబ్బు ఇవ్వండి అంటే ఫ్రాన్స్ మీ పాత మాట సంగతేంటి అంది. 1800 ఒప్పందంలో రెండో ఆర్టికల్ ఈ రెండిటినీ తర్వాత చూసుకుందాం అని పక్కన పెట్టింది, సెనేట్ ఆ ఆర్టికల్ కొట్టేసింది, నెపోలియన్ సరే, అయితే రెండు దేశాలూ తమ తమ క్లెయిమ్స్ వదులుకున్నట్టే అని షరతు పెట్టి సంతకం చేశాడు, 1801లో సెనేట్ దానికీ ఒప్పుకుంది.

అంటే ఏమైంది? దేశానికి పాత బాధ్యత నుంచి విడుదల దొరికింది, దాని ధర వర్తకుల సరుకు. అన్న అప్పు కింద తమ్ముడి పొలం రాసిచ్చినట్టు. ప్రైవేటు ఆస్తిని ప్రజావసరానికి తీసుకుంటే సరైన పరిహారం ఇవ్వాలని వాళ్ళ రాజ్యాంగం ఐదో సవరణలోనే ఉంది కదా, వర్తకులు అడిగింది కూడా అదే, ఫ్రాన్స్‌ని ఇక అడగలేం, మా హక్కు మీరు వాడుకున్నారు కాబట్టి మీరే ఇవ్వండి అని.

పిటిషన్ల మీద పిటిషన్లు పెట్టారు. డేనియల్ వెబ్‌స్టర్ సెనేట్‌లో వీళ్ళ తరఫున గట్టిగా వాదించాడు. చివరికి రెండు సభల్లోనూ పాసైన 50 లక్షల డాలర్ల బిల్లుని 1846లో ప్రెసిడెంట్ పోక్ వీటో చేశాడు, 1855లో అలాంటి బిల్లునే ప్రెసిడెంట్ పియర్స్ మళ్ళీ వీటో చేశాడు. అప్పటికి సరుకు పోగొట్టుకున్నవాళ్ళలో ఎంతమంది బతికి ఉంటారు చెప్పండి.

1885లో గానీ చట్టం రాలేదు, అది కూడా ప్రభుత్వం మీద వేసే దావాలు చూసే కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ విని కాంగ్రెస్‌కి అభిప్రాయం చెప్పొచ్చు అంతే, డబ్బిచ్చే అధికారం లేదు. క్లెయిమ్ వేయడానికి రెండేళ్ళు గడువు. మనవళ్ళూ ముని మనవళ్ళూ తొంభై ఏళ్ళ నాటి కాగితాలు వెతకాలి, ఓడ రిజిస్టరు, సరుకు ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ పాలసీ, ఓడ పోయాక కెప్టెన్ నోటరీ ముందు ప్రమాణం చేసి రాయించిన వాంగ్మూలం, ఓడ మాదేనని ఫ్రెంచ్ కోర్టు ఇచ్చిన తీర్పు. ఏ కుటుంబం ఇవన్నీ దాచిపెడుతుంది?

1886లో గ్రే కేసులో కోర్టు వర్తకుల వాదనే నిజమని తేల్చింది, ఫ్రాన్స్ మీద క్లెయిమ్స్ న్యాయమైనవే, వాటిని వదిలేసి ప్రభుత్వం లాభపడింది కాబట్టి ప్రభుత్వమే ఇవ్వాలి అని. ఆ తీర్పు చదువుతుంటే నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. మొదటి డబ్బు 1891లో, సుమారు 13 లక్షల డాలర్లు, తర్వాత 1899, 1902, 1905లో విడతలుగా.

మళ్ళీ ఒక చిక్కు. దివాలా తీసి చనిపోయిన వర్తకుడి డబ్బు అప్పులవాళ్ళకా, కుటుంబానికా? 1891 చట్టం రక్తసంబంధీకులకే అంది, 1896లో సుప్రీంకోర్టు బ్లాగ్ వర్సెస్ బాల్చ్ కేసులో దాన్ని నిలబెట్టింది, కాకపోతే ఇది హక్కుగా వచ్చింది కాదు, కాంగ్రెస్ దయతో ఇచ్చింది, అందుకే ఎవరికివ్వాలో కాంగ్రెస్ ఇష్టం అంది. కుటుంబాలకి డబ్బు చేరింది, దానికి సంతోషమే. కానీ దయ అన్న మాట నేను ఒప్పుకోను, గ్రే తీర్పు చదివినవాళ్ళెవరూ ఒప్పుకోలేరు, అది 1801 నుంచి ఉన్న బాకీ.